దుబాసి చేసిన మేలు

రెండు భాషలు నేర్చి, ఒకరి మాటను మరియొకరికి తెలియజెప్పువానిని ద్విభాషి యందురు. ఆ పదమే వాడుకలో దుబాసి యైనది. కుంఫిణీవారి కాలమున దుబాసీలు కొందరు దొరలకును ప్రజలకును నడుమ నిలిచి ధనము గడించిరి. అందుచేత దుబాసి యనగా పరుల మాటలు మోయు కూలివాడనియు, స్వంత ప్రజ్ఞ లేనివాడనియు పలువురు తలంతురు. ఈ తలంపు సరికాదని నా యభిప్రాయము. అందులకు ఒక ఫ్రెంచి పండితుని చరిత్రయే నిదర్శనము.

ఆయన పేరు ఆంకెతిల్ దుపెరోన్. 1731లో పారిసు నగరమున జన్మించెను. బాల్యము నుండియు ప్రాచ్యభాషలపై ఆయనకు మక్కువ మెండు. 1754లో పార్సీల పవిత్రగ్రంథమగు అవెస్తాలోని నాలుగు పుటల నకలు ఆయన కంటబడెను. ఆ ప్రతి ఇంగ్లండులోని ఆక్సుఫర్డు గ్రంథాలయమున నుండెను. కాని దానిని చదివి యర్థము చెప్పగలవాడు ఐరోపాలో ఒక్కడును లేడు. తానే హిందూదేశమునకు పోయి, ఆ విద్యను నేర్చి రావలెనని ఆ యువకుడు నిశ్చయించుకొనెను. ఓడ ప్రయాణమునకు ధనము లేకపోగా, ఫ్రెంచి కుంఫిణీ సైన్యమున సామాన్య భటుడుగా చేరెను. ఆయన పట్టుదల నెరిగిన ప్రభువులు పిమ్మట కొలువు నుండి విడిపించి, కొంత భత్యము నొసగిరి. 1755లో ఆయన పుదుచ్చేరి చేరెను.

నాటి మన దేశము యుద్ధములతో అట్టుడికినట్లుండెను. 1757లో ఇంగ్లీషువారు చంద్రనగరమును పట్టుకొనగా, ఆయన వంగదేశము విడిచి, తూర్పుతీరము వెంబడి పుదుచ్చేరికి మరలివచ్చెను. ఆ త్రోవలో నాటి ఉత్తర సర్కారులు, అనగా మన తెలుగు జిల్లాలును ఉన్నవి. తుదకు 1758లో సూరతు చేరి, దారాబ్ అను పార్సీ దస్తూరును ఆశ్రయించెను. తమ గ్రంథమును అన్యులకు తెలుపుటకు మొదట సంకోచించినను, దారాబ్ ఆయనకు పాఠము చెప్పెను. గురువు పారసీక భాషలో అర్థము వివరించుచుండగా, శిష్యుడు ఫ్రెంచిలో వ్రాసికొనుచుండెను. 1762లో సుమారు 180 వ్రాతప్రతులతో ఆయన పారిసు చేరెను. అవి రాజుగారి గ్రంథాలయమునకు చెందెను. ఆయన అచ్చటనే ప్రాచ్యభాషలకు దుబాసిగా నియుక్తుడయ్యెను.

1771లో అవెస్తా అనువాదము మూడు సంపుటములుగా వెలువడెను. అప్పుడు ప్రశంసకు మారుగా పరిహాసమే ఎదురయ్యెను. గ్రంథపీఠికలో ఆయన ఆక్సుఫర్డు పండితులను ఎత్తిపొడిచియుండెను. అది ఆయన దోషమే. దానికి కినిసి, యువకుడైన విలియం జోన్సు ఒక కరపత్రము ప్రకటించి, ఇంతటి నీరసపు మాటలు జరతుష్ట్ర ప్రవక్తవి కానేరవని ఎగతాళి చేసెను. అది కూటసృష్టి యని నమ్మినవారు పెక్కురు. జోన్సు మహాపండితుడు, తరువాత 1784లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీని నెలకొల్పినవాడు. అయినను ఈ విషయమున పొరబడెను.

1826లో రాస్క్ అను డేనిష్ పండితుడు అవెస్తా భాష మిక్కిలి ప్రాచీనమనియు, సంస్కృతమునకు చేరువ చుట్టమనియు నిరూపించెను. మన యజ్ఞము అచట యస్న. మన సోమము అచట హవోమ. మన మిత్రుడు అచట మిథ్ర. దుపెరోన్ అనువాదమున తప్పులు లేకపోలేదు. గురువు చెప్పిన అర్థము పరంపరగా వచ్చినదే కాని, మూలభాషా వ్యాకరణమునుబట్టి తీసినది కాదు. ఆ తప్పులను 1833లో బుర్నూఫ్ అను ఫ్రెంచి పండితుడు దిద్దెను. వేనితో దిద్దెను? దుపెరోన్ తెచ్చిన వ్రాతప్రతులతోనే! తన తప్పును దిద్దుటకు వలయు సాధనమును తానే తెచ్చియిచ్చినవానిని నిందింప మనకు నోరెట్లాడును? ముందు నడచువాని కాలికే ముల్లు గ్రుచ్చుకొనును. వెనుక వచ్చువానికి అది బాటయగును.

ఆయన కృషి అంతటితో ఆగలేదు. ప్రాచ్యదేశములలో చట్టము లేదనియు, భూమియంతయు రాజుదే యనియు ఐరోపావారు చెప్పుకొనుచుండగా, 1778లో ఒక గ్రంథము వ్రాసి ఆ వాదమును ఖండించెను. 1657లో దారా షికో రాకుమారుడు కాశీపండితుల సాయముతో ఉపనిషత్తులను పారసీకమునకు మార్పించెను. ఆ ప్రతి 1775లో దుపెరోన్‌కు అందెను. ఆయన ఏబది ఉపనిషత్తులను లాటిన్ భాషలోనికి తెచ్చి, 1801, 1802 సంవత్సరములలో రెండు సంపుటములుగా ప్రకటించెను. జర్మను తత్త్వవేత్త షోపెన్‌హోవరు ఆ గ్రంథమును తన జీవితమునకు ఊరటగా భావించెను. దానిని వ్రాయునాటికి దుపెరోన్ కటిక పేదవాడు. రొట్టె, పాలు, బావినీరే ఆయన ఆహారము. అయినను ఎవరి దానమును కోరలేదు. నెపోలియన్ చక్రవర్తికి విధేయతాప్రమాణము చేయ నిరాకరించెను. 1805లో కీర్తిశేషుడయ్యెను.

ఆయనను పొగడి ఊరకుండుటయు న్యాయము కాదు. దారాబ్ బోధింపనిచో ఆ గ్రంథమే లేదు. మన బ్రౌను దొర నిఘంటువు వెనుక తెలుగు పండితుల శ్రమ ఉన్నట్లే, ఈ గ్రంథము వెనుక ఒక దస్తూరు ఉన్నాడు. నేర్చినవానికెంత గౌరవమో, నేర్పినవానికిని అంతే గౌరవము చెల్లవలెను.

బాలబాలికలారా! మీరు రామాయణమునో, పరదేశపు కథనో తెలుగున చదువునపుడు, దానిని మీకందించిన అనువాదకుని పేరు చూచితిరా? ఇకమీదట చూడుడు. అందు తప్పు కనబడినచో దిద్దుడు, కాని నవ్వకుడు. నవ్వుటకు చదువు అక్కరలేదు, దిద్దుటకు కావలెను.