ప్రూఫు దిద్దే చెయ్యి మనది కావాలి



మన మాదిగపల్లె పిల్ల ఒకతె డిగ్రీ చదువుతూ బెజవాడలోని ఒక పుస్తకాల సంస్థలో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేసొచ్చింది. హాస్టలు గుంటూరులో, పని బెజవాడలో. నేర్చుకోడానికొచ్చావు గదా, జీతమెందుకన్నారు. రోజూ బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం అన్నీ వాళ్ళమ్మ మిరపకోతల కూలిలోంచే పోయాయి. ఆఖర్న ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపారు.

మన తాతలు కామందు ఇంట్లో చాకిరీ చేస్తే ఆఖర్న పాత పంచో, నాలుగు గింజలో దొరికేవి. దాన్ని వెట్టి అన్నాం, ఎదిరించాం. ఇవాళ కాగితం ముక్క ఇచ్చి చేయించుకుంటే అది 'అనుభవం' ఎలా అయింది?

చట్టం లేక కాదు. 1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం పని నేర్చుకునేవాడికి స్టైపెండ్ ఇవ్వాలి. 1973 సవరణతో ఎస్సీ, ఎస్టీలకు అందులో సీట్లు కేటాయించారు. బైండింగు నేర్చుకునే అప్రెంటిస్‌కి ఈ హక్కులున్నాయి. అదే పుస్తకానికి ప్రూఫులు చూసే విద్యార్థిని అప్రెంటిస్‌గా నమోదు చెయ్యకుండా 'ఇంటర్న్' అన్నారంటే రెండూ దక్కవు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్‌ను చదువులో భాగం చేశారు. పని చెయ్యమన్నారు సరే, కూడు ఎవరు పెడతారు? అయ్య పెట్టగలిగినవాడు పెద్ద సంస్థకి పోతాడు. మన పిల్లలు దగ్గర్లో ఎవడో సంతకం పెట్టిస్తే చాలనుకుంటారు. ఎడిటరు కుర్చీలో తరతరాలుగా వాళ్ళే ఎందుకుంటున్నారో ఇక్కడే తెలుస్తుంది.

అట్లాగని పోవద్దని మేం చెప్పడం లేదు. ఆ పిల్ల వచ్చి మా బడి అరుగు మీద కూచుని నేర్చుకున్నవి చెబుతుంటే మాకే సిగ్గేసింది. కిందటేడు మేం చందాలెత్తి 66 పేజీల పుస్తకం వేశాం. "మాష్టారూ, డెమ్మీ సైజులో ఫారానికి 16 పేజీలు. రెండు పేజీలు తగ్గించుకుంటే నాలుగు ఫారాల్లో అయిపోయేది గదా!" అంది. ఆ రెండు పేజీలకి తగలేసిన కాయితం కూలోళ్ళు ఇచ్చిన చందా డబ్బులు. అనూ ఫాంట్లలో కొట్టిన మేటరు యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులెలా చెదురుతాయో చూపించింది. ఐఎస్‌బీఎన్ నంబరుకి ప్రభుత్వానికి పైసా కట్టక్కర్లేదని చెప్పింది. రచన హక్కులు రాసిచ్చేటప్పుడు గడువు రాయకపోతే, కాపీరైట్ చట్టం ప్రకారం అది అయిదేళ్ళేనని చెప్పింది. మన కవులు ఎంతమంది గడువు చూసి సంతకం పెట్టారు?

అన్నిటికంటే పెద్ద సంగతి ఇంకోటుంది. అక్కడికి మనవాళ్ళ బతుకు మీద ఒక కథ వచ్చింది. "మా అమ్మ గొడ్డుకూర వండింది" అని రాసుంది. 'గొడ్డుకూర' కొట్టేసి 'మాంసాహారం' అని దిద్దమన్నారు. ఎందుకని అడిగితే, పాఠకులు ఇబ్బంది పడతారన్నారు. ఏ పాఠకులు? ఆ కూర తిని పెరిగినోళ్ళు పాఠకులు కారా? ప్రూఫులో కొట్టేసిన మాట మళ్ళీ ఉంచాలంటే దాని కింద చుక్కలు పెడతారు. చుక్కలు పెట్టడం ఆ పిల్లకి నేర్పారు. పెట్టే అధికారం మాత్రం ఇవ్వలేదు.

వాళ్ళని అన్నాం, ఇక మనల్ని మనం అనుకోవాలి. ఉద్యమంలోకి వచ్చిన విద్యార్థులతో మనం ఏం చేయించాం? గోడలకి పోస్టర్లు అంటింపించాం, జెండాలు కట్టించాం. ఒక్కడికన్నా ప్రూఫు చేతికిచ్చామా? "భావం ముఖ్యం, అచ్చుతప్పులదేముంది" అని తప్పించుకున్నాం. మన భాష తప్పు కాదు. అట్లాగని అచ్చుతప్పు మన భాషా కాదు. ఈ రెంటికీ తేడా తెలిసినవాడు మనలో లేకపోతే, ఆ తేడా వాళ్ళే తేలుస్తారు.

బాబాసాహెబ్‌కి ఈ సంగతి బాగా తెలుసు. 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పెట్టారు. డబ్బులిస్తామన్నా దాని ప్రకటన వేసుకోడానికి 'కేసరి' పత్రిక ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఆయన పత్రికలతో ఆగలేదు, భారత్ భూషణ్ పేరుతో సొంత ప్రెస్సే పెట్టారు.

ఫోన్లో రాసుకుంటే చాలదా అంటున్నారు కుర్రాళ్ళు. రాయండి. కానీ రేపు వెతికేవాడికి దొరకాలి గదా. 1954 చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, మరో మూడు గ్రంథాలయాలకి పబ్లిషరు పంపాలి. మనం వేసిన చిన్న పుస్తకాలు ఎన్ని పంపాం? పంపకపోతే "వీళ్ళేం రాయలేదు" అని చరిత్ర రాసేవాడికి మనమే సాక్ష్యం ఇచ్చినట్టు.

కాబట్టి మేం అడిగేదివి. స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్‌కి కాలేజీలు మన పిల్లల్ని పంపకూడదు. ప్రచురణ సంస్థలు, ముఖ్యంగా ప్రభుత్వ డబ్బుతో నడిచేవి, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి సీట్లు కేటాయించాలి. ఏం నేర్పుతారో ముందే కాయితం మీద రాసివ్వాలి.

మనం చేసుకోవాల్సిందీ ఒకటుంది. నేర్చుకొచ్చిన ప్రతి ఒక్కరూ పల్లెలో ఇద్దరికి నేర్పాలి. ఈ పత్రిక వచ్చే సంచిక ప్రూఫులు ఆ పిల్ల ముందు పెడుతున్నాం. పక్కన ఇద్దరు టెన్తు పిల్లలు కూచుంటారు. ఒకరు పైకి చదువుతారు, ఒకరు అచ్చు చూస్తారు. బస్సు చార్జీ, భోజనం మన చందాల్లోంచే. వాళ్ళమ్మ కూలి డబ్బులు ఇక ముట్టుకోం.

జై భీమ్!