చిగురు ఎరుపు

మూసారాంబాగ్ మెట్రో మెట్లు దిగి ఇంటిదారి పట్టాను. ఒక ప్రహరీగోడ మీదుగా మామిడి కొమ్మ వంగి ఉంది. ముదురాకులు పచ్చగా ఉంటే, కొసన చిగుళ్లు అప్పుడే చింతపండుతో తోమిన రాగిచెంబులా ఉన్నాయి. ఒకే చెట్టు, ఒకే జన్యువులు. రంగులు మాత్రం రెండు!

చిగురులో ఆంథోసయనిన్ అనే రంగును తయారుచేసే జన్యువులు జోరుగా పనిచేస్తాయి. వాటిని మేల్కొలిపేవి ఎంవైబి కుటుంబపు ప్రొటీన్లు, ఇంట్లో స్విచ్‌బోర్డు లాంటివి. తయారైన రంగు కణాల్లోని నీటిసంచుల్లో చేరి, లేత ఆకుకు ఎండ నుంచి గొడుగవుతుంది. ఆకు ముదిరేకొద్దీ ఆ పని సద్దుమణిగి పత్రహరితానిది పైచేయి అవుతుంది. ఊదా ఆకుల ప్లమ్ చెట్టులో ఆ జోరు ముదురాకులోనూ తగ్గదు. అందులోనూ పత్రహరితం ఉంటుంది, ముసుగు కింద. లేకపోతే చెట్టుకు తిండెక్కడిది?

కృష్ణతులసి, ఎర్ర గోంగూర కాడ ఈ కోవలోవే. దిల్‌సుఖ్‌నగర్ ఆకుకూరల బండి మీద గోంగూర పక్కనే ఉండే ఎర్ర తోటకూర మాత్రం కాదు. దానిది బీట్‌రూట్‌లోని బీటాలైన్. ప్రకృతిలో ఈ రెండు రంగులూ ఒకే మొక్కలో కలిసి కనిపించవు. నాకైతే ఇది ఏ కథకూ తీసిపోని వింత.

ఈ సంచిక ముఖచిత్రం ఆ గోడ మీది కొమ్మే. పత్రిక అచ్చుకు వెళ్లేసరికి చిగుళ్లు పచ్చబడిపోయాయి.