తాగేవాడు ఎలాగూ తాగుతాడా?

మద్యం మీద చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఒకే మాట దగ్గర ఆగిపోతుంది: ‘తాగేవాడు ఎలాగూ తాగుతాడు’. రచ్చబండ మీద పెద్దమనుషులు అంటారు, టీవీ చర్చల్లో విశ్లేషకులు అంటారు, అధికారంలో ఏ పార్టీ ఉంటే ఆ పార్టీ నాయకులు అంటారు. ఆపితే నాటుసారా పొంగుతుంది, పక్క రాష్ట్రం సీసాలు సరిహద్దు దాటి వస్తాయి, ఖజానాకు గండి పడుతుంది. అందుకని సర్కారే దగ్గరుండి నాణ్యమైన సరుకు అమ్మించి, వచ్చిన డబ్బుతో సంక్షేమం నడపడం మేలట. 1995 నాటి మద్యనిషేధం నేర్పిన పాఠం ఇదేనట. ఈ వాదన మొదటి మాట నుంచి చివరి లెక్క దాకా తప్పు. ఆ తప్పుకు మూల్యం కడుతున్నది తాగేవాళ్లు ఒక్కరే కాదు, వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ కూడా. అందుకే దీన్ని ఒక అభిప్రాయంగా గౌరవించి ఊరుకోలేను.

ముందు పొగాకు సంగతి చూడండి. పాతికేళ్ల కిందట ఆర్టీసీ బస్సులో, రైలు పెట్టెలో, ఆసుపత్రి వరండాలో బీడీ కాల్చడం మామూలు. కాల్చేవాడు కాలుస్తాడు, పడనివాళ్లు కిటికీ పక్కకు జరగాలి, అంతే. 2003లో కేంద్రం చట్టం తెచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ తాగడం మీద కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ప్యాకెట్ల మీద బొమ్మలతో హెచ్చరికలు వచ్చాయి. దేశంలో పొగాకు వాడే పెద్దవాళ్లు 2009–10లో 34.6 శాతం ఉంటే 2016–17 నాటికి 28.6 శాతానికి తగ్గారు. ఈ ఏడేళ్లలో మనుషుల స్వభావమేమీ మారలేదు, చుట్టూ ఉన్న కట్టుబాట్లు మారాయి.

మద్యానికీ ఇదే వర్తిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు నిండిన మగవాళ్లలో తాగేవాళ్లు దేశం మొత్తమ్మీద 18.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం, తెలంగాణలో 43.3 శాతం. మాట్లాడేది ఒకే భాష, 2014 దాకా ఉన్నది ఒకే రాష్ట్రం. తెలంగాణలో కల్లుకు, దావత్‌కు ఉన్న స్థానం వేరన్నది నిజమే. అయినా ఆచారం గానీ, అందుబాటు గానీ మనిషి రక్తంలో పుట్టేవి కావు, ఊరు ఇచ్చేవి. తాగేవాడు ఎలాగూ తాగేదుంటే రెండు రాష్ట్రాల మధ్య అంకెలు ఇంత దూరం జరగవు.

అసలు మన పల్లెల్లో తాగుడు ఇంతగా ఎలా పాకింది? 1980లలో ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపించి ఊరూరా పంపింది. అంతకుముందు సారా కావాలంటే దుకాణం దాకా నడవాలి, నలుగురి కంట పడాలి. ప్యాకెట్ వచ్చాక జేబులో పెట్టుకుని పొలం గట్టు మీదికి, గుడిసె ముంగిట్లోకి తెచ్చుకోవచ్చు. వేలంపాటలో కోట్లు పోసిన కాంట్రాక్టరు ఆ డబ్బు రాబట్టుకోవాలంటే కొత్త గొంతులు కావాలి, పాత గొంతులు ఇంకా తడవాలి. అమ్మకం పెంచాలని పూనుకుని పెంచారు. ఆ తర్వాత తాగినవాడి బలహీనతను నిందించారు.

దూబగుంట ఆడవాళ్లకు ఈ కిటుకు అర్థమైంది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం రాత్రిబడుల్లో ఆడవాళ్లు ఏకమై సారా దుకాణం మూయించిన కథను పాఠంగా చదువుకున్నవాళ్లు 1992లో తామే ఆ పని చేశారు. వాళ్లు మొగుళ్లకు నీతులు చెబుతూ కూర్చోలేదు. సారా బండ్లను ఊరి పొలిమేరలోనే ఆపారు, దుకాణానికి తాళం వేయించారు, ఆఖరికి కలెక్టరాఫీసు దగ్గర వేలంపాటలను సాగనివ్వలేదు. తాగుడు మగవాడి నోటి దగ్గర కాదు, పాట పాడే బల్ల దగ్గర మొదలవుతుందని వాళ్లు పట్టుకున్న సత్యాన్ని మన ఆర్థిక విశ్లేషకులు ఇప్పటికీ పట్టుకోలేదు. ఆ ఉద్యమం ఒత్తిడికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా రద్దయింది. నిషేధాలు నిలవవని చెప్పేవాళ్లు ఈ తేదీని ఎప్పుడూ ఎత్తరు. 1997లో మద్యనిషేధం సడలినా సర్కారు సారా మాత్రం తిరిగి రాలేదు. ప్రభుత్వ ముద్రతో ఇంటి ముందుకొచ్చే ఆ ప్యాకెట్ పోయింది.

1995 జనవరిలో మొదలైన సంపూర్ణ నిషేధానికి తూట్లు పడ్డాయన్నది నిజం. దొంగ రవాణా జరిగింది, ఎక్సైజ్ సిబ్బందిలో కొందరు చేతులు తడుపుకున్నారు. కానీ రెండేళ్లలో దాన్ని ఎత్తేసింది జనం ఆరోగ్యం పాడైందని కాదు, రాబడి పడిపోయిందని. ఖజానా ఇబ్బందిని నిషేధం వైఫల్యంగా పేరు మార్చి ముప్పై ఏళ్లుగా చెబుతున్నారు.

ఇక కల్తీసారా చావుల వాదన. నిషేధమున్న బీహార్‌లో 2022 డిసెంబరులో సారణ్ జిల్లాలో డెబ్బై మందికి పైగా చనిపోయారు. ఆ ఘోరాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. మరి 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో అరవై మందికి పైగా చనిపోయారు కదా, అక్కడ ప్రభుత్వమే దుకాణాలు పెట్టి మద్యం అమ్ముతోంది. 2020లో పంజాబ్‌లో వంద మందికి పైగా చనిపోయారు, అక్కడా నిషేధం లేదు. కల్తీసారా పేదరికం నుంచి, పోలీసుల కుమ్మక్కు నుంచి పుడుతుంది. లైసెన్సు దుకాణం దాన్ని చంపదు.

అయినా నేను 1995ను తిరిగి తెమ్మనడం లేదు. ‘నిషేధమా, బార్లా తెరవడమా’ అని రెండే దారులు చూపించడం ఈ వాదనలోని అసలు మోసం. ఆ రెంటికీ మధ్య ఎంతో చోటుంది. స్కాట్లాండ్ మద్యాన్ని నిషేధించలేదు. 2018 మే నుంచి సీసాలో ఉన్న ఆల్కహాల్ పరిమాణాన్ని బట్టి ఒక కనీస ధర పెట్టి, అంతకన్నా తక్కువకు అమ్మకూడదంది. పూర్తిగా మద్యం వల్లే జరిగే మరణాలు దాంతో 13.4 శాతం తగ్గాయని అక్కడి ప్రజారోగ్య సంస్థ అంచనా కట్టింది. తాగుడుకు పేరుమోసిన రష్యాలోనే 2003, 2016 మధ్య తలసరి వినియోగం 43 శాతం పడిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పన్నులు పెంచారు, రాత్రిపూట అమ్మకం ఆపారు, ప్రకటనలు కట్టడి చేశారు. అక్కడా తాగేవాళ్లున్నారు, కానీ ‘ఎలాగూ’ తాగలేదు.

మనం చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ కొత్త విధానం 99 రూపాయలకే క్వార్టర్ ఇస్తామని గొప్పగా ప్రకటించింది. 180 మిల్లీలీటర్ల సీసాలో 42.8 శాతం ఆల్కహాల్ అంటే సుమారు 77 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్. ఆ ఏడాది ఉపాధి హామీ రోజు కూలీ రెండు రాష్ట్రాల్లోనూ 300 రూపాయలు. ఎండలో రోజంతా మట్టి తవ్విన మనిషికి మూడోవంతు కూలీతో ఆ మోతాదు అందించడాన్ని పేదల మీద దయగా చెప్పారు. దయ చూపాలంటే బియ్యం ఉన్నాయి, పప్పు ఉంది, ఊరి ఆసుపత్రిలో మందులున్నాయి. కాలేయాన్ని తినేసేదాన్ని చౌక చేయడం దయ కాదు. అంతకుముందు అయిదేళ్లూ ఏలినవారిదీ వేరే దారి కాదు. దశలవారీ నిషేధమని మాటిచ్చి దుకాణాలను చేతుల్లోకి తీసుకుని, 2022లో బెవరేజెస్ కార్పొరేషన్ పేరుతో బాండ్లు అమ్మి ఎనిమిది వేల కోట్లకు పైగా అప్పు తెచ్చారు. మద్యం రాబడి మీద అప్పు తెచ్చిన ప్రభుత్వం ఆ రాబడి తగ్గించగలదా? తెలంగాణ 2023లో 2,620 దుకాణాల కోసం లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు తీసుకుంది. తిరిగి ఇవ్వని రెండు లక్షల రుసుముతో, ఒక్క సీసా అమ్మకముందే, రెండు వేల ఆరు వందల కోట్లకు పైగా వసూలు చేసింది. లాటరీలో గెలిచినవాడు పెట్టుబడి రాబట్టుకోవాలి, లైసెన్సు లేని బెల్టు షాపుకు సరుకు ఎత్తాలి, బెల్టు షాపువాడు ఎమ్మార్పీ మీద పదో ఇరవయ్యో వేసుకుని కిరాణా కొట్టు వెనక అమ్మాలి. నాటి వేలంపాటే పేరు మార్చుకుని వచ్చింది.

నియంత్రించాల్సినవాడే అమ్మకం మీద బతుకుతుంటే నియంత్రణ కాగితం మీద మిగులుతుంది. దీనికి 2016–17లో జరిగినదాని కన్నా పెద్ద రుజువు అక్కర్లేదు. రోడ్డు ప్రమాదాలు చూసి సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదంది. కొన్ని రాష్ట్రాలు దుకాణాలను జరపలేదు. రహదారులనే జిల్లా రోడ్లుగా మార్చి గెజిట్ ఇచ్చాయి. చచ్చిపోయే ప్రయాణికుడి పక్షానా, సీసా పక్షానా అని అడిగితే ఆ గెజిట్లు జవాబు చెప్పాయి.

తాగడం నా స్వేచ్ఛ, నా డబ్బు అనేవారికీ ఒక మాట. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. ఇంత తాగితే ప్రమాదం లేదని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. తెలిసి ఎంచుకుంటే అది స్వేచ్ఛే, కాదనను. ఈ వ్యాపారానికి ఎక్కువ రాబడి ఇచ్చేది మాత్రం వారానికొకసారి మిత్రులతో గ్లాసెత్తేవాడు కాదు, సాయంత్రమయ్యేసరికి చేతులు వణికేవాడు. వాడికి ఎంపిక ఎక్కడుంది? వాడి ఇంట్లో దెబ్బలు తినే మనిషికి ఎంపిక ఎక్కడుంది? బీహార్ నిషేధం తర్వాత రోజూ, వారంవారీ తాగుడుతో పాటు భార్యల మీద హింస కూడా లక్షల సంఖ్యలో తగ్గిందని 2024లో లాన్సెట్ కుటుంబ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఆ విధానంలో జైళ్లపాలైన పేదల గోడు నిజమే. శిక్ష తాగినవాడికి కాక అమ్మించేవాడికి పడాలి.

చేయాల్సిన పనులు కష్టమేమీ కాదు, ఇష్టం కావాలి. ఎక్సైజ్ శాఖకు అమ్మకాల లక్ష్యాలు పెట్టడం మానాలి, ఆ శాఖ లెక్కను ఆసుపత్రుల్లో కాలేయ రోగుల సంఖ్యతో, ప్రమాదాల సంఖ్యతో చూడాలి. పన్ను సీసా పేరు మీద కాక అందులోని ఆల్కహాల్ మీద వేయాలి. ఒక బెల్టు షాపులో తన సరుకు దొరికితే ఆ లైసెన్సుదారు దుకాణం మూతపడాలి. ‘తాగునీరు’, ‘సోడా’ పేర్లతో మద్యం బ్రాండ్లు చేసే ప్రకటనలు ఆగాలి. మద్యం రాబడిని ఏటా ఇంత చొప్పున తగ్గించుకుంటామని బడ్జెట్‌లోనే రాయాలి, ఆర్థిక మంత్రి దానికి సభలో జవాబు చెప్పాలి.

అన్నిటికన్నా ముందు, దుకాణం వద్దనే హక్కు ఊరికి ఉండాలి. షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, కట్టడి చేసే అధికారాన్ని 1996 నాటి పీసా చట్టం ఇప్పటికే గుర్తించింది. ఏజెన్సీ గూడేనికి దక్కిన ఈ హక్కు దూబగుంటకూ ఉండాలి. మన గ్రామసభల్లో ఆడవాళ్లు చేతులెత్తి వద్దంటే కలెక్టరు ఆ ఊరికి లైసెన్సు ఇవ్వకూడదు.