మోగే వీణ... మోగని వీణ

బొబ్బిలి అనగానే కోట, 1757 నాటి యుద్ధం, తాండ్ర పాపారాయుడు గుర్తొస్తారు. ఆ తర్వాత గుర్తొచ్చేది వీణే. సన్మాన సభల్లో శాలువా కప్పాక చేతిలో పెడతారే... ఆ బుల్లి వీణ! ఎందరి ఇళ్లలోనో షోకేసులో కొలువై ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కచేరీకి పనికిరాదు. అయితేనేం, కచేరీ వీణ చేసే చేతులకు అన్నం పెడుతున్నది చాలావరకు అదే.

విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లి. అక్కడి సర్వసిద్ధి వారి కుటుంబాలకు తరతరాలుగా వీణల తయారీయే వృత్తి. జమీందారుల కాలంలో కోటలో సంగీతం ఉండేది, వీణలకు గిరాకీ ఉండేది. ఇప్పుడు కోట కొనదు. బొబ్బిలి వీణకు జీఐ గుర్తింపు వచ్చింది కాబట్టి ఆ పేరును ఇంకెవరూ వాడుకోకూడదు. పేరుకు రక్షణ దొరికింది సరే, బేరం మాట వేరు.

వీణంటే పనస కర్రే. తేలిగ్గా ఉంటుంది, నాదం పలుకుతుంది, పురుగు తొందరగా పట్టదు. కోసినప్పుడు పసుపు పచ్చగా ఉండే చేవ ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. కుండ, దండి, యాళి ముఖం ఉండే మెడ... అన్నీ ఒకే దుంగలోంచి తొలిస్తే అది ఏకాండి వీణ. విడివిడిగా చేసి అతికితే పని సులువే. కానీ బొబ్బిలికి పేరు తెచ్చింది ఏకాండి. అంత పొడవు, అంత లావు ఉన్న ముదురు పనస మాను కావాలి దానికి. అలాంటి చెట్టు దొరకడమే కష్టమవుతోంది. దొరికినా పచ్చి కర్ర పనికిరాదు. బాగా ఆరకపోతే తర్వాత వంకర తిరుగుతుంది, పగులుతుంది. అంటే, డబ్బు ముందే పెట్టి కర్రను ఆరబెట్టుకుని కూర్చోవాలన్నమాట!

చెక్కుడు పని అయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది. తేనెమైనంలో బొగ్గుపొడి, గుగ్గిలం కలిపి నల్లటి ముద్ద చేస్తారు. దాన్ని దండి పొడవునా రెండు గట్లుగా వేసి, వాటి మీద 24 లోహపు మెట్లు నిలబెడతారు. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. మైనం మెత్తగా ఉండగానే తీగ మీటాలి, వినాలి, మెట్టును వెంట్రుకవాసి జరపాలి, మళ్లీ మీటాలి. ఏడు తీగెల్లో నాలుగు ఈ మెట్ల మీదుగానే వెళ్తాయి. ఒక తీగకు సరిపోయిన మెట్టు పక్క తీగకు తప్పితే మళ్లీ మొదటికే. దీన్నే మేళం కట్టడం అంటారు. కొలబద్ద కొంత దూరమే తీసుకెళ్తుంది, తీర్పు మాత్రం చెవిదే. 24 మెట్లు ఇలా స్థిరంగా ఉండే రూపం 17వ శతాబ్దంలో తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడి కాలంలో కుదిరిందని చెబుతారు. తెలుగులో కావ్యాలు రాసిన రాజాయన.

బుల్లి వీణకు ఈ బాధ లేదు. శ్రుతి చూడక్కర్లేదు, పెద్ద దుంగ వెతకక్కర్లేదు. త్వరగా తయారవుతుంది, లేపాక్షి షాపుల్లో అమ్ముడవుతుంది, అతిథికి ఇవ్వడానికి ఆఫీసులూ కొంటాయి. పెద్ద వీణ మీద వారాల తరబడి కూర్చోవాలి, ఆ తర్వాత కొనేవాళ్ల కోసం ఎదురుచూడాలి. ఇల్లు గడవాల్సిన మనిషి ఏది చేస్తాడు? తప్పుపట్టడానికేం లేదు. చిక్కల్లా ఎక్కడంటే... బుల్లి వీణలు ఎన్ని చేసినా మేళం కట్టడం రాదు. చెక్కే చెయ్యి ఉంటుంది కానీ, వినే చెవి తయారు కాదు. పిల్లలు ఈ పనిలోకి రావడం తగ్గిపోతున్నప్పుడు ఇది చిన్న విషయమేం కాదు. కర్ర కావాలంటే పనస మొక్కలు నాటొచ్చు, ముప్ఫై ఏళ్లకైనా దొరుకుతుంది. చెవిని మాత్రం, మేళం కట్టే మనిషి పక్కన కూర్చుని విని విని తెచ్చుకోవాల్సిందే.

పోటీ కూడా ఉంది. తంజావూరు వీణ సరే సరి, మన నూజివీడులోనూ వీణలు చేస్తారు. ఇంకోపక్క ఫైబర్ గ్లాస్ ఒళ్లు, విద్యుత్ మైకులు ఉన్న వీణలు వచ్చేశాయి. ప్రయాణాల్లో వాటితో సుఖమే.

ఇంట్లో పిల్లలకు వీణ నేర్పించాలనుకుంటే కొనే ముందు నగిషీ చూసి మురిసిపోకండి. తెలిసిన గురువును వెంట తీసుకెళ్లండి. నాలుగు తీగెల మీదా ప్రతి మెట్టూ మీటించి వినండి. కుండ దగ్గర అతుకులు, సన్నని పగుళ్లు ఉన్నాయేమో చూడండి. ఇంటికి తెచ్చాక ఎండ పడే కిటికీ దగ్గర, మూసి ఉన్న కారులో ఉంచొద్దు. వేడికి మైనం మెత్తబడి మెట్లు కదిలిపోతాయి. ఎంత జాగ్రత్తగా చూసుకున్నా కొన్నేళ్లకు మేళం మళ్లీ కట్టించాల్సి వస్తుంది. ఆ పనికి ఎవరు వస్తారో, ఎంత తీసుకుంటారో బేరం రోజే అడిగి, ఆ ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి.