దసరా నాడు ముక్క తిననివాళ్ళు చుట్టాలు కాదా?

2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు, అక్టోబర్ 2న పడ్డాయి, గుర్తుందా? మటన్ షాపులు బంద్. అయినా జగిత్యాలలో మా ఇంట్లో ఏ లోటూ రాలేదు. ముందురోజే నాలుగు కిలోలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టేశాం. ప్లానింగ్ అంటే అదీ!

మరి మాంసం ముట్టని మా చిన్నమ్మకి? "పప్పుంది కదా" అన్నారు. ఇరవై మందికి గారెలు చేసింది మాత్రం ఆమే. తీరా ఆ పప్పులో ఎవరో మటన్ గంటె ముంచారు. ఆమె ఏమీ అనలే. వంటింట్లో కూర్చుని పెరుగన్నం కలుపుకుంది. నాకు ముద్ద దిగలేదు... (అబద్ధమెందుకు, దిగింది. తర్వాత సిగ్గేసింది.)

మటన్ మానమనట్లేదు బాబూ, ముక్క లేకుంటే నాకూ దసరా కాదు. కానీ రెండ్రోజుల ముందేగా సద్దుల బతుకమ్మకి పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది అందరం లొట్టలేసుకుంటూ తిన్నాం? చేతకాక కాదు, పట్టక! టీం లంచ్‌కైతే వెజ్ ఎందరు, నాన్‌వెజ్ ఎందరు అని మెయిల్ పెట్టి మరీ లెక్క తీస్తాం. ఇంట్లో ఆ ఒక్క ముక్క అడగం.

ఈసారి గుత్తివంకాయ నేనే వండుతా, మటన్ కంటే ముందు. మటన్ సంగతి ఎప్పటిలాగే బావ చూసుకుంటాడు. చిన్నమ్మ మా బంతిలోనే కూర్చుంటది. గంటె మాత్రం ఎవరూ మార్చకండి!