స్వరాజ్యమున రెండవ సగము

గోలకొండ కోటకు అనతిదూరమున, హైదరాబాదులోని షేక్‌పేట మండలమునందు ఫిల్మ్‌నగర్ అను పేట కలదు. నేటి తెలుగు చలనచిత్రరంగమునకు అది ముంగిలి వంటిది. అచ్చట నిలువెత్తు నటుల బొమ్మలను చూచి అబ్బురపడుట బాలురకు సహజమే. పెద్దలకును సహజమే గాని, వారు ఒప్పుకొనరు. ఆ బొమ్మలను చూచినపుడెల్ల నాకు ఈ పరిశ్రమ మదరాసులో నున్న నాటి రెండు చిత్రములు జ్ఞప్తికి వచ్చుచుండును. స్వాతంత్ర్యోద్యమము కోరినది పరపాలన తొలగుట మాత్రమే కాదని ఆ రెండును చాటినవి.

మొదటిది 1938లో వచ్చిన ‘మాలపిల్ల’. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మము; కథ గుడిపాటి వెంకటచలముది. అంతకు కొన్ని యేండ్ల ముందు, 1933 డిసెంబరులో, గాంధీ మహాత్ముడు అస్పృశ్యతా నివారణమునకై ఆంధ్రదేశమున పర్యటించెను. సభలో తలయూపినవారే ఇంటికి పోయి, తమ బావిని అన్యులు ముట్టకుండ కాపలా కాయు దినములవి. అట్టి దినములలో, అంటరానివారని వెలివేయబడిన కులపు కన్యను బ్రాహ్మణ యువకుడు ప్రేమించిన కథను తెరకెక్కించుట సాహసము. పురాణకథలు చూచుటకు అలవాటుపడిన జనమునకు తమ ఊరే తెరమీద కనబడెను.

రెండవది 1939 నాటి ‘రైతుబిడ్డ’. జమీందారీలో రైతు పడు అగచాట్లు దీనికి వస్తువు. విచిత్రమేమన, ఈ చిత్రములు తీసిన సారథి సంస్థకు అండగా నిలిచినది చల్లపల్లి జమీందారే! ఇతర జమీందారులు మండిపడిరి. కొన్నిచోట్ల ప్రదర్శన నిషేధింపబడెను. ఆచారపరులు ‘మాలపిల్ల’ను నిందించిరి గాని ఆపలేకపోయిరి. భూమి మాట ఎత్తగనే ప్రభుత్వమే కదలివచ్చెను. దయ చూపుమనిన సహించువారు, హక్కు ఇమ్మనిన సహింపరు.

ముందు స్వాతంత్ర్యము రానిండు, తక్కినవి పిదప చూచుకొందమని కొందరనిరి. ఆ వాదము నాకు సమ్మతము కాదు. 1947 ఆగస్టు 15న దేశము పండుగ చేసికొనగా షేక్‌పేట ఇంకను నిజాము రాజ్యములోనే యుండెను. 1948 సెప్టెంబరులో గాని ఆ పాలన ముగియలేదు. ఆ రాజ్యపు పల్లెలలో వెట్టిచాకిరి యుండెను. చాకలి బట్టలుతికి, కుమ్మరి కుండలు చేసి, మాదిగ చెప్పులు కుట్టి దొరకు ఊరకే ఈయవలెను, కూలి యడుగరాదు. అట్టివానికి నిజాము పోవుట ఒక ముక్తియైన, గడీ వాకిట చేతులు కట్టుకొని నిలువవలసిన అగత్యము పోవుట మరియొక ముక్తి. ఈ రెండింటిలో దేనిని ముందు కోరుకొనుమని వానికి చెప్పగలము?

మదరాసు రాష్ట్రమున 1948లో జమీందారీల రద్దు చట్టము వచ్చెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుపరచి, 23వ అధికరణముచే వెట్టిని నిషేధించెను. అయినను, రాజకీయములందు సమానత్వము, బ్రతుకునందు అసమానత్వము గల వైరుధ్యములోనికి అడుగిడుచున్నామని అంబేద్కరు 1949 నవంబరు 25ననే రాజ్యాంగసభను హెచ్చరించెను.

ఫిల్మ్‌నగర్‌లో మేడలను ఆనుకొని పేదల బస్తీలును ఉన్నవి. ఎన్నికలనాడు మేడవాడును బస్తీవాడును ఒకే వరుసలో నిలుతురు. మరునాడు ఆ వరుస ఏమగుచున్నదో తెలియగోరువారు ఆ త్రోవన ఒకసారి నడచి రావచ్చును.