బావి నోరు తెరిచి పెట్టిందెవరు?

పసిపిల్లలు బోరుబావిలో పడినప్పుడల్లా మన పత్రికల్లో ఇంచుమించు ఒకే వాక్యం కనిపిస్తుంది: "ఆడుకుంటూ వెళ్లి ప్రమాదవశాత్తు బావిలో పడింది." ఈ వాక్యంలో పాప ఉంది, ఆట ఉంది, బావి ఉంది. ఆ బావిని తవ్వించి, నీళ్లు పడలేదని మూత పెట్టకుండా వదిలేసిన మనిషి మాత్రం లేడు. ఆ ఖాళీలోకి మెల్లగా తల్లిని తెచ్చి నిలబెడతారు. "పిల్లను చూసుకోవద్దా? తల్లి ఏం చేస్తున్నట్టు?" తల్లి ఏం చేస్తుంటుందో మనకు తెలియనిది కాదు. కలుపు తీస్తుంటుంది, నీళ్లు మోస్తుంటుంది, మరొకరి పొలంలో కూలి చేస్తుంటుంది. బిడ్డను పోగొట్టుకున్న మనిషినే ముద్దాయిగా నిలబెట్టే ఈ ప్రశ్నను దారి మళ్లించి, అడగాల్సిన వాళ్లను అడగడం మహిళా సంఘాల పని అని నేను అనుకుంటున్నాను.

2017 జూన్ 22న రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో 18 నెలల పాప మూత లేని పాత బోరులో పడింది. మూడు రోజుల పాటు యంత్రాలు, జాతీయ విపత్తు దళం, టీవీ కెమెరాలు. 25న పాప శవం బయటికి వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 15న, అప్పటి గుంటూరు జిల్లా వినుకొండ దగ్గర ఉమ్మడివరంలో రెండేళ్ల బాబు పడ్డాడు. 15 అడుగుల లోతులోనే ఇరుక్కున్నాడు కాబట్టి పక్కన గుంట తవ్వి ప్రాణాలతో తీయగలిగారు. 2020 మే 27న మెదక్ జిల్లా పాపన్నపేట మండలం పోడ్చన్‌పల్లిలో మూడేళ్ల బాబు నీళ్లు పడని కొత్త బోరులో పడి, మరునాడు శవమై వచ్చాడు.

మా బోరబండకు దగ్గర్లోనే ఫిలింనగర్ ఉంది. 2018లో తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన 'కర్తవ్యం' సినిమాలో బోరులో పడిన పాపను కాపాడడానికి పోరాడే కలెక్టరు ఒక మహిళ. మా బస్తీ ఆడవాళ్లు ఆ సినిమా చూసి కళ్లు తుడుచుకున్నారు. తప్పు లేదు. అయితే సినిమాకైనా, టీవీకైనా బిడ్డ పడిన తరువాతే కథ మొదలవుతుంది. మనం పట్టించుకోవాల్సిన కథ అంతకు ముందే నడిచిపోయింది. తవ్విన రోజు, వదిలేసిన రోజు, ఊళ్లో అందరూ చూసి కూడా పక్కనుంచి నడిచిపోయిన రోజులు, ఇవీ ఆ కథలోని భాగాలు.

చట్టం లేక ఇలా జరుగుతున్నదని ఎవరైనా అంటే నమ్మకండి. 2010 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఈ విషయం మీద స్పష్టమైన మార్గదర్శకాలు ఇచ్చింది. బోరు వేయించేవారు కనీసం 15 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. బోరు వేసే సంస్థ రిజిస్టరు అయి ఉండాలి. పని జరిగే చోట యజమాని పేరు, బోరు వేసేవారి పేరు, చిరునామాలతో బోర్డు పెట్టాలి, చుట్టూ ముళ్లతీగ కంచె వేయాలి. కేసింగు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టి, పైన ఉక్కు పలకను వెల్డింగు చేయాలి, లేదా గట్టి మూతను బోల్టులతో బిగించాలి. మోటారు బాగుచేసేటప్పుడు కూడా నోరు తెరిచి వదలకూడదు. పనికిరాని బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. వాడుతున్నవెన్ని, తెరిచి వదిలేసినవెన్ని, పూడ్చినవెన్ని అని ఊరి వారీగా లెక్క జిల్లా స్థాయిలో ఉండాలి. పల్లెల్లో సర్పంచు, వ్యవసాయ శాఖ సిబ్బంది దీన్ని గమనిస్తూ ఉండాలి. ఇవికాక 2002 నాటి వాల్టా చట్టం ఎలాగూ ఉంది.

చేవెళ్ల ఘటన తరువాత తెలంగాణ ప్రభుత్వం వాడని బోర్లను మూయించమని ఆదేశాలిచ్చింది. 2019లో మొదలైన పల్లె ప్రగతి పనుల్లో పాడుబడ్డ బావులు, బోర్లు పూడ్చడం కూడా చేర్చారు. అయినా పోడ్చన్‌పల్లి జరిగింది. ఎందుకంటే పాత గుంటలు పూడ్చే పని ఏడాదికోసారి ఉద్యమంలా చేస్తే, కొత్త గుంటలు ఏడాది పొడుగునా పడుతూనే ఉంటాయి.

ఇక్కడ రైతు వైపు మాట కూడా చెప్పుకోవాలి. మోటబావులు ఎండిపోయాక రైతు అప్పు తెచ్చి బోరు వేయిస్తాడు. నీళ్లు పడకపోతే ఇంకొకటి, అదీ పడకపోతే మరొకటి. చివరికి మిగిలిన కేసింగు పైపునైనా దక్కించుకుందామని పీకి తీసుకుపోతాడు. ఆ పైపు పోయిన చోట నేలలో బిడ్డ పట్టేంత బొక్క మిగులుతుంది. అదే అప్పు మోయలేక రైతు ప్రాణం తీసుకుంటే, దాన్ని తీర్చాల్సిన భారం అతని భార్య మీద పడుతుంది. కాబట్టి అతన్ని రాక్షసుడిగా చూపి మనం సాధించేది లేదు. అలాగని పేదరికం పేరు చెప్పి నోరు తెరిచి ఉన్న బోరును క్షమించలేం. ఆ బొక్కలో పడేది కూడా పేదవాళ్ల పిల్లలే. నా మటుకు నేను కోరేది ఒకటే: అడుగుకింత అని లెక్కగట్టి డబ్బు తీసుకునే బోరు బండి, నోరు మూయకుండా పొలం దాటకూడదు. మూత బిగించాకే, లేదా పూడ్చాకే ఆఖరి డబ్బు చేతికివ్వాలి. ఇది ఊరు కట్టుకోగలిగిన కట్టుబాటు.

పాడుబడ్డ బావి ప్రమాదాలకు మాత్రమే కారణమనుకుంటే పొరపాటు. యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలోని హాజీపూర్‌ను మనం మరిచిపోకూడదు. 2019 ఏప్రిల్‌లో బడి నుంచి ఇంటికి వస్తూ మాయమైన 14 ఏళ్ల అమ్మాయి శవం పాడుబడ్డ బావిలో దొరికింది. వెతికితే ఆ మార్చిలో కనిపించకుండా పోయిన కళాశాల విద్యార్థిని కూడా అక్కడే ఉంది. 2015లో తప్పిపోయిన 11 ఏళ్ల పాప అవశేషాలు మరో బావిలో దొరికాయి. ఎవరూ తొంగి చూడని బావి నాలుగేళ్ల పాటు ఒక హత్యను దాచిపెట్టింది. సరైన బస్సు లేక దారిన పోయే బండిని ఆపి ఎక్కాల్సిన ఊరు అది. 2020 ఫిబ్రవరి 6న నల్గొండ కోర్టు నేరస్తుడికి మరణశిక్ష వేసింది. శిక్ష సంగతి కోర్టులు చూసుకుంటాయి. ఆడపిల్లలు నడిచే దారిలో కంచె లేని బావి, రాని బస్సు, "ఎవరితోనో పోయి ఉంటుంది" అనే మాట, ఈ మూడూ కలిసి నేరానికి ఎంత వీలు కల్పిస్తాయో మనం చూడాలి.

మరి బావి గురించి అడిగే హక్కు ఎవరిది? మా బోరబండలో జూబ్లీహిల్స్ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు చాలామంది పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. పిల్లలను ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర వదిలి ఇక్కడ అంట్లు తోముతారు. మా సంఘంలోని ఒకామె మనవరాలు బడికి పోయే బాట పక్కన, పొరుగు రైతు పొలంలో గోడ లేని పాత బావి ఉంది. పండక్కి పోయినప్పుడు ఆమె అతన్ని అడిగింది. "ఆడదానితోని మాటలేంది, మీ ఇంటాయనను తోలు" అన్నాడట. ఆయన చనిపోయి నాలుగేళ్లు. "పోయినోన్ని యాడికెల్లి తేవాలె అక్కా?" అని నన్నడిగింది. ఒక కార్యాలయానికి పోతే, "నీ పేరున పాసుపుస్తకం ఉందా?" అని అడిగారు. ఆ బాటన నడిచే పిల్లకు పాసుపుస్తకం ఎందుకో నాకు అర్థం కాలేదు.

నిజానికి అవసరమే లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 133వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షన్ ప్రకారం, దారి పక్కన గానీ, బహిరంగ స్థలం పక్కన గానీ ప్రజలకు ప్రమాదంగా ఉన్న బావికి, గుంటకు కంచె వేయమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు, అంటే ఆర్.డి.ఓ. వంటి అధికారి, యజమానిని ఆదేశించవచ్చు. పోలీసు నివేదికే రానక్కరలేదు, ఇతరత్రా సమాచారం అందినా చాలు. ఆ సమాచారం ఇవ్వడానికి భూమి ఉండనక్కరలేదు, మగవాడై ఉండనక్కరలేదు.

మేము పదకొండు మందిమి సంతకాలు, వేలిముద్రలు పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ పంపాం. కొన్ని వారాలకు బావి చుట్టూ ముళ్లకంప పడింది. అది వానాకాలం దాటదు. గోడ కట్టేదాకా అడుగుతూనే ఉంటాం.

ఊళ్లలో పనిచేస్తున్న మిత్రులకు నా సూచనలు ఇవి. నెలసరి సమావేశంలో ఒక గంట కేటాయించి, బడి బాట, నీళ్ల బాట, కూలి బాట వెంట నడవండి. కనిపించిన ప్రతి తెరిచిన బావినీ, బోరునూ సర్వే నంబరు, గుర్తు, దారికి ఎంత దూరం అనే వివరాలతో రాసుకోండి. ఫొటో తీయండి. గుంపుగా సంతకాలు చేసి పంచాయతీ కార్యదర్శికి, తహసీల్దారుకు, ఆర్.డి.ఓ.కు అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. రేపు ఏదైనా జరిగితే "మాకు తెలియదు" అనే మాటకు ఆ రసీదే జవాబు. సుప్రీంకోర్టు ఉంచమన్న ఊరి వారీ లెక్కను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. పొరుగు పొలంలోకి మనంతట మనం వెళ్లి పూడ్చవద్దు, అది వేరే తగాదా అవుతుంది. బోరు అయితే అడుగు నుంచి పూడ్చమని అడగండి, పైన పెట్టిన బండరాయిని ఎవరైనా జరపగలరు. చేదబావిలోనో మోటబావిలోనో ఇంకా ఊట ఉంటే పూడ్చమనకుండా గోడ, ఇనుప జాలీ కోరండి. నీళ్లు కూడా మనకు కావాలి.

ఇవన్నీ బిడ్డ పడకముందు చేయాల్సిన పనులు. పడిన తరువాత మనం చేయగలిగింది ఆ తల్లి పక్కన కూర్చోవడం ఒక్కటే.